పంటలో షేర్ కొంటున్నామా, షరీక్ అవుతున్నామా?



ఈ మధ్య మన ఇళ్లలో ఒక సవాల్ తరచుగా వినిపిస్తోంది. ఊరి బయట తోట ఉన్న కిసాన్ ఒకాయన, సీజన్ మొదలుకాకముందే మూడు నాలుగు నెలల పైసలు ఒకేసారి కట్టమంటాడు. కట్టిన ఇంటికి వారం వారం ఒక డబ్బా కూరగాయలు వస్తాయి. ఏమేం వస్తాయో ముందు చెప్పడు. ఆ వారం ఖేత్‌లో ఏది కోతకొస్తే అదే. వాన ముంచేస్తే డబ్బా చిన్నదవుతుంది, పంట విరగకాస్తే పెద్దదవుతుంది. దీన్నే తోటలో "షేర్" అంటున్నారు. "ఇది జాయిజేనా? ఏం వస్తుందో తెలియకుండా పైసలివ్వడం గరర్ కాదా? రేపు ఖాళీ డబ్బా పంపితే ఎవర్ని అడగాలి?" అని కొందరి ఫికర్. "అమెరికాలో మావాళ్లు ఏళ్లుగా తీసుకుంటున్నారు, మాషా అల్లాహ్, సబ్జీ ఎంత తాజాగా ఉంటుందో" అని మరికొందరు.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. కిసాన్‌కు పైసలు ముందు ఇవ్వడం మంచి పని, స్తోమత ఉన్న ఇళ్లు ఇవ్వాలి. అయితే ఆ పైసలు సౌదా కింద ఇస్తున్నామా, షిర్కత్ కింద ఇస్తున్నామా అన్నది ఇచ్చే ముందే తేల్చుకోవాలి. సౌదా అయితే పంట పోయినా సరుకు ఇచ్చే జిమ్మేదారీ అమ్మినవాడిది. షిర్కత్ అయితే పంట పోతే నుక్సాన్ అందరిదీ. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, లాభం వచ్చిన వారం షరీకులం, నష్టం వచ్చిన వారం ఖరీదుదారులం అంటే కుదరదు. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వడం నా పని కాదు. చదివినంతలో, చూసినంతలో నా మాట చెబుతాను. ఆఖరి మాట మీ ఉలమాను అడగండి.

ఈ తరీఖా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఒక్క దేశంలో పుట్టిన సంగతి కాదు. 1970లలో జపాన్‌లో పురుగుమందులు, కల్తీ గురించి భయపడిన తల్లులు, ఇల్లాళ్లు నేరుగా రైతుల దగ్గరికి వెళ్లి, "మీరు మందులు లేకుండా పండించండి, పండిందంతా మేం తీసుకుంటాం" అని మాట ఇచ్చారు. దాన్ని "టేకే" అంటారు. 1978లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా దగ్గర ఇలాంటి తోట ఒకటి మొదలైంది. 1986లో అమెరికాలో రెండు చోట్ల దాదాపు ఒకేసారి మొదలైంది. ఒకటి మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫామ్, రెండోది న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫామ్. అమెరికాలోని ఈ రెండు తోటలకంటే ముందే అలబామాలోని టస్కీగీలో బుకర్ వాట్లీ అనే నల్లజాతి వ్యవసాయ ప్రొఫెసర్, చిన్న కమతాల నల్లజాతి రైతులకు ఒక సలహా చెబుతూ వచ్చారు. కొనేవాళ్లను ముందే మెంబర్లుగా చేర్చుకోండి, ఏడాదికి ఇంతని రుసుము తీసుకోండి, అప్పుడు దళారీ మీద ఆధారపడే మజ్బూరీ ఉండదు అని. బ్యాంకులు సరిగా అప్పులివ్వని కౌమ్‌కు ఆయన చూపించిన దారి అది. ఆ మజ్బూరీ ఏమిటో మన చిన్న వ్యాపారులకు ఒకరు చెప్పక్కర్లేదు.

టెంపుల్-విల్టన్ వాళ్ల పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఏడాదికి తోట నడపడానికి ఎంత ఖర్చవుతుందో కిసాన్లు హిసాబ్ రాసి మెంబర్లందరి ముందూ పెడతారు. డబ్బాకు ఇంత అని ధర కట్టరు. ఎవరు ఎంత ఇవ్వగలరో వాళ్లే మాట ఇస్తారు. అన్ని మాటలూ కలిపి ఖర్చుకు సరిపోకపోతే మళ్లీ అడుగుతారు. ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ వేస్తారు, తక్కువ ఉన్నవాళ్లు తక్కువ వేస్తారు. పంట మాత్రం ఇంటి అవసరాన్ని బట్టి తీసుకుంటారు.

పైసలు ముందు ఎందుకు?

ఇది అసలు మాట. కిసాన్‌కు పైసలు అవసరమయ్యేది పంట చేతికొచ్చినప్పుడు కాదు, విత్తనం వేసేటప్పుడు. విత్తనం, ఎరువు, కూలీ, డ్రిప్పు పైపులు, మోటారు రిపేరు, అన్నీ మొదట్లోనే. ఆ రోజు చేతిలో పైసలు లేని చిన్న రైతు ఎక్కడికి వెళ్తాడు? మందుల షాపుకో, మండీలోని కమీషన్ ఏజెంట్ దగ్గరికో. నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు మన పల్లెల్లో మామూలు సూద్. మూడు రూపాయల లెక్కన 50,000 తీసుకుంటే ఐదు నెలలకు సూద్ ఒక్కటే 7,500. పైగా చాలాసార్లు అప్పిచ్చినవాడికే పంట అమ్మాలన్న షరతు కూడా ఉంటుంది. వాడు చెప్పిందే తూకం, వాడు చెప్పిందే ధర.

మనం సూద్ నుంచి ఎంత దూరం ఉంటామో నాకు తెలుసు. బ్యాంకు వడ్డీ ఖాతాలో పడితే దాన్ని ఇంట్లో వాడకుండా విడిగా తీసేసే ఇళ్లు నాకు తెలుసు. ఇల్లు కట్టుకోవడానికి లోన్ తీసుకోక ఇరవై ఏళ్లు కిరాయి ఇంట్లో ఉన్నవాళ్లు తెలుసు. అల్హందులిల్లాహ్, ఆ పరహేజ్ గొప్పది. కానీ మన దస్తర్‌ఖాన్ మీది టమాటా ఎవరి సూద్ మీద పండిందో అని మనం ఎప్పుడూ ఆలోచించం. దానివల్ల ఆ టమాటా మనకు హరామ్ అయిపోతుందని నేను అనడం లేదు. బజార్‌లో కొన్నది కొన్నట్టే హలాల్. నేననేది వేరే. రైతును సూద్ నుంచి తప్పించే రాస్తా మన చేతిలో ఉంది. మనం ఎలాగూ నాలుగు నెలలు కూరగాయలు కొంటాం. ఆ పైసల్లో కొంత భాగం విత్తనం వేసే రోజునే ఇస్తే, ఆ ఒక్క పనితో ఒక మనిషి సూద్‌ఖోర్ గుమ్మం ఎక్కకుండా ఉంటాడు.

ఇక ధర సంగతి. మదనపల్లె టమాటా మార్కెట్ మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2023 జూలైలో కిలో 150 దాటి పోతే మనం టమాటే కా కట్ మానేసి చింతపులుసుతో సరిపెట్టుకున్నాం. మరో ఏడు అదే టమాటాను, కోత కూలీ కూడా రాదని, రైతులు రోడ్డు పక్కన పారబోశారు. ఒక ఏడు కొనేవాడు ఏడుస్తాడు, ఒక ఏడు పండించేవాడు ఏడుస్తాడు. ముందే ఒక ఇఖ్రార్ ఉంటే ఇద్దరికీ ఆ ఊగిసలాట కొంత తగ్గుతుంది.

మన మామిడి తోటల సంగతి

"ముందు పైసలిచ్చి పంట కొనడం మనకు కొత్తేం కాదు" అని ఎవరైనా అంటే నిజమే. నూజివీడు, జగిత్యాల, కొల్లాపూర్, చిత్తూరు వైపు మామిడి తోటలు పట్టే వ్యాపారులు మన చుట్టాల్లోనే ఉన్నారు. మా ఖాలూ అలాగే తోటలు పట్టేవారు. చెట్టు పూత మీద ఉండగానే బేరం. ఒక్కోసారి పూత కూడా రాకముందే, రెండు మూడేళ్లకు కలిపి. ఒక ఏప్రిల్ గాలివానకు రెండు తోటల కాయ నేల రాలితే మా ఖాలూ అమ్మీ నగలు తాకట్టు పెట్టారు. మరో ఏడు పంట విరగకాస్తే తోట యజమాని ఆ ఏడంతా సలాం కూడా చెప్పలేదు, తనను ముంచేశారని.

సరిగ్గా ఈ తకరార్ వద్దనే ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పండు పక్వానికి రాకముందు అమ్మకాన్ని మనా చేశారు. అల్లాహ్ ఆ పండును ఆపేస్తే, నీ భాయి సొమ్ము ఏ హక్కుతో తీసుకుంటావు అన్నది ఆ హదీసు సారాంశం. రాబోయే ఏళ్ల కాయను ఇప్పుడే అమ్మడాన్ని కూడా మనా చేశారు. కాయే పడని చెట్టు కాయను అమ్మడం జాయిజ్ కాదన్న దాంట్లో మజ్హబ్‌ల మధ్య ఇఖ్తిలాఫ్ లేదు. కాయ పడ్డాక అమ్మే విషయంలో తఫ్సీల్ ఉంది, అది ఉలమా చెబుతారు. బయట దానికి కౌలు అని పేరు పెట్టినా లోపల జరిగేది కాయ బేరమే అయితే మసలా అదే.

మరి తోట షేర్ కూడా అలాంటిదేగా, ఇంకా మొలకెత్తని బెండకాయను కొంటున్నాంగా అని అడుగుతారు. అందుకే ముందు ఇది ఏ ముఆమలానో తేల్చుకోవాలన్నాను. రెండు రాస్తాలు ఉన్నాయి.

మొదటి రాస్తా: సలం

ప్రవక్త (స) మదీనా వచ్చేసరికి అక్కడివాళ్లు ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ల ముందే పైసలు ఇచ్చేవాళ్లు. ఆయన దాన్ని ఆపేయలేదు. షరతు పెట్టారు: కొలత తెలియాలి, తూకం తెలియాలి, గడువు తెలియాలి. దీన్నే బైఎ సలం అంటారు. పైసలు పూర్తిగా ముందు, సరుకు తర్వాత. రైతుకు పెట్టుబడి దొరకడానికి సూద్ లేని తరీఖా ఇది. మన తెలుగులో బేరం కుదిరాక ఇచ్చే అడ్వాన్సును "బయానా" అంటామే, ఆ మాటలో ఉన్నది కూడా ఈ "బైఅ"నే.

సలంలో ఒక ముఖ్యమైన షరతు చాలామందికి తెలియదు. ఫలానా తోట పండే, ఫలానా చెట్టు కాయే ఇవ్వాలి అని కట్టకూడదు. ఎందుకంటే ఆ తోట నాశనమైతే ఇవ్వడానికి ఏమీ ఉండదు. సలం కింద కిసాన్ మనకు ఇచ్చేది మాట: ప్రతి జుమేరాత్ ఇన్ని కిలోల వంకాయ, ఇన్ని కిలోల టమాటా, ఈ రకం, ఈ నాణ్యం. తన తోటలో పండకపోతే పక్క తోటలోనో, మండీలోనో కొని అయినా ఇవ్వాలి. అది అతని జిమ్మేదారీ. కొత్తిమీర, పాలకూర లాంటివి కట్టల లెక్కన రాసుకోవద్దు, ఒక్కో కట్ట ఒక్కోలా ఉంటుంది. తూకం రాసుకోవాలి. హనఫీ ఫిఖ్‌లో ఆ సరుకు సౌదా రోజు నుంచి ఇచ్చే రోజు వరకు బజార్‌లో దొరుకుతూ ఉండాలన్న షరతు కూడా ఉంది. కాబట్టి ఈ రాస్తాలో ఏడాది పొడుగునా దొరికే కూరగాయలకే పరిమితం కావడం మేలు.

డబ్బాలో ఏముంటుందో ముందే తెలియాలి, తక్కువ రాకూడదు అనుకునే ఇంటికి ఇదే సరైన తరీఖా. కానీ ఇది నిజమైన "షేర్" కాదు. కిసాన్ తన తోటలో పండిందే ఇస్తానంటాడు, మనం కూడా ఆ తోటదే కావాలంటాం. అప్పుడు సలం నడవదు.

రెండో రాస్తా: షిర్కత్

ఇందులో మనం కూరగాయలు కొనడం లేదు. కిసాన్‌తో కలిసి సాగు చేస్తున్నాం. మన పైసలు, అతని జమీన్, అతని మెహనత్. పండినదాంట్లో అందరికీ హిస్సా. ఖైబర్ జమీన్లను ప్రవక్త (స) అక్కడి యూదుల చేతికే సాగుకు ఇచ్చారు, పండినదాంట్లో సగం ఒప్పందం మీద. దీన్ని పట్టే ముజారఅత్ బాబ్ నడిచింది. ఇమామ్ అబూ హనీఫా దీన్ని ఒప్పుకోలేదు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఒప్పుకున్నారు. హనఫీ ఫత్వా వాళ్ల మాట మీదే ఉంది. "మన తోట కిసాన్ హిందువైతే ఎలా?" అని అడిగేవాళ్లకు ఖైబర్‌లోనే జవాబు ఉంది. ముఆమలాలో చూడాల్సింది అమానత్, సాఫ్ హిసాబ్.

షిర్కత్‌లో గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే. హిస్సా అంటే నిష్పత్తి, కిలోలు కాదు. మదీనాలో కొందరు కాలువ ఒడ్డున పండింది నాకు, మిగతాది నీకు అని ఒప్పందం చేసుకునేవాళ్లు. ఒక వైపు పండేది, ఇంకో వైపు ఎండేది. ఒకరికి అంతా దక్కేది, ఇంకొకరికి ఏమీ మిగిలేది కాదు. దాన్ని మనా చేశారు. కాబట్టి షిర్కత్‌లో "ఏం జరిగినా వారానికి ఐదు కిలోలు ఇవ్వాల్సిందే" అన్న షరతు పెట్టకూడదు. మిసాల్‌కు, తోటలో 40 ఇళ్లకు సమాన హిస్సాలు ఉన్నాయనుకోండి. ఈ వారం 120 కిలోలు వస్తే ఇంటికి మూడు కిలోలు. వచ్చే వారం 60 కిలోలే వస్తే ఇంటికి కిలోన్నర. అమెరికా, యూరప్ తోటల్లో నడిచే పద్ధతి కూడా దాదాపు ఇదే. షరీఅత్ తెలిసి చేశారని కాదు. ఇన్సాఫ్‌గా పంచుకోవాలనుకున్నవాళ్లు ఎక్కడున్నా ఆ లెక్కకే వస్తారు.

మరి పంట మొత్తం పోతే? మన పైసలు పోతాయి, అతని మెహనత్ పోతుంది. ఇది ముందే దిల్‌లో ఒప్పుకుని దిగాలి. అతని మెహనత్ పోవడం చిన్న నుక్సాన్ కాదు. నాలుగు నెలలు ఎండలో చేసిన పని అది. కానీ వడగళ్లకు పంట పోవడం వేరు, కిసాన్ నీళ్లు పెట్టక పంట ఎండడం వేరు. మొదటిది అల్లాహ్ తరఫు ఆజ్మాయిష్. రెండోది అతని గఫ్లత్, దానికి అతనే జవాబ్‌దారీ. మంచి కూరగాయలన్నీ మండీకి పంపి, మిగిలిన పుచ్చువాటిని డబ్బాలో వేస్తే అది ఖియానత్.

చాలా తోటల కాగితాల మీద "పైసలు వాపస్ ఇవ్వబడవు" అన్న ఒక్క లైన్ ఉంటుంది. నాకు ఇబ్బంది అదే. అమ్మకం అని చెప్పి, రసీదు మీద ధర రాసి, పంట పోతే మాత్రం వాపస్ లేదు అంటే అది జుల్మ్. అమ్మిన పండుకు ఆఫత్ వస్తే ఆ నుక్సాన్‌ను కొన్నవాడి మీద వేయొద్దని, మాఫ్ చేయమని హుకుమ్ ఉన్న దీన్ మనది. షిర్కత్ అని చెప్పి హిసాబ్ చూపించకపోవడం కూడా జుల్మే. షరీక్‌కు నుక్సాన్‌లో హిస్సా ఉంటే, లెక్కల పుస్తకం చూసే హక్కు కూడా ఉంటుంది.

కాగితం మీద ఏముండాలి?

ఒకటి, ఇది సౌదానా షిర్కతా అన్న మాట మొదటి లైన్‌లోనే ఉండాలి. రెండు, మొత్తం హిస్సాలు ఎన్ని, కిసాన్ తన ఇంటికి ఎన్ని ఉంచుకుంటాడు. మూడు, డబ్బా ఏ రోజు, ఎక్కడికి వస్తుంది, మొదటిది ఎప్పుడు, ఆఖరిది ఎప్పుడు. నాలుగు, తోటలో లేనిదాన్ని బయట కొని డబ్బాలో వేస్తే ఆ మాట చెప్పాలి. ఐదు, ఏ మందులు కొట్టాడో, కొట్టలేదో. ఆరు, ఖర్చుల హిసాబ్ సీజన్‌లో కనీసం రెండుసార్లు అందరి ముందూ పెట్టాలి. ఏడు, మధ్యలో ఎవరైనా ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే ఆ హిస్సాను ఇంకొకరికి ఇవ్వొచ్చా. ఇద్దరు గవాహీలు సంతకం పెట్టాలి. అప్పు వ్యవహారాన్ని రాసుకోమని ఖుర్‌ఆన్ చెప్పింది. ముందు పైసలిచ్చే ఏ వ్యవహారానికైనా రాత మంచిదే. "మనం మనం భాయి భాయి, కాగితం ఎందుకు" అన్నవాళ్ల మధ్యే నేను ఎక్కువ గొడవలు చూశాను. కౌలు అన్న మాట "ఖౌల్" నుంచి వచ్చింది, అంటే ఇచ్చిన మాట. ఆ మాట రాసి ఉంటే రేపు ఇద్దరికీ మొహమాటం ఉండదు.

బావర్చీఖానా తరఫు నుంచి

ఇదంతా మర్దోం కీ బాతేఁ, వంట చేసేది మేము అని ఆపాలు, ఖాలాలు అంటారు. ఆ షికాయత్ సరైనదే. డబ్బా తెరిస్తే ఏముంటుందో తెలియకపోతే వారం వంట ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఇష్టం లేని కూర వస్తే పిల్లలతో ఎవరు తినిపించాలి?

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. జూన్ నుంచి నవంబర్ వరకు వాళ్లింటికి డబ్బా వస్తుంది. మొదటి వారాల్లో ఆకుకూరలు, ముల్లంగి. తర్వాత బీట్‌రూట్, టర్నిప్, కోల్‌రాబీ. తన తెలుగు ఫ్రెండ్స్‌కు వీటిలో కొన్నిటికి పేర్లు కూడా తెలియవట. మా చెల్లికి మాత్రం టర్నిప్ అంటే శల్జమ్, బీట్‌రూట్ అంటే చుకందర్, కోల్‌రాబీ అంటే నూల్‌కోల్. శల్జమ్ గోష్త్, చుకందర్ గోష్త్, నూల్‌కోల్ సాలన్ అన్నీ మా నానీ చేసినవే. స్విస్ చార్డ్ అనే ఆకును పాలక్ గోష్త్ లాగా వండేస్తుంది. మన దక్కనీ బావర్చీఖానా మొదటి నుంచీ మౌసమ్‌ను బట్టి నడిచిందే. వానాకాలంలో తురాయి, కద్దూ, అంబాడే కీ భాజీ. చలికాలంలో సేమ్ కీ ఫల్లీ, మేథీ, గాజర్. ఎండలు ముదిరేసరికి చింతచిగురు గోష్త్, కచ్చే ఆమ్ కీ దాల్. ఏడాదంతా అన్నీ దొరకాలన్నది ఈ మధ్య అలవాటు.

కానీ ఒక ఇంతిజామ్ మాత్రం కావాలి. డబ్బా వచ్చే రెండు రోజుల ముందు ఏమేం కోస్తున్నాడో కిసాన్ ఒక మెసేజ్ పెట్టాలి. నచ్చనిది పక్కింటితో బదలాయించుకోవడానికి డబ్బాలు దిగే చోట ఒక బుట్ట ఉంచాలి. అమెరికాలో చాలా తోటలు ఇలా బుట్ట పెడతాయి. రమజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ ఏడు ఏ సీజన్‌లో వస్తుందో కిసాన్‌కు ముందే చెప్పాలి. ఆ నెలలో మనకు పుదీనా, కోత్మీర్, నిమ్మ ఎక్కువ కావాలి, కూరలు తక్కువ. బక్రీద్ వారం కూడా అంతే. విత్తనం వేసే ముందు చెబితే వేస్తాడు. చంద్రుడు కనిపించాక చెబితే ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇంట్లో మిగిలింది పారేయొద్దు. సాలన్ వండితే కొంచెం నీళ్లు ఎక్కువ పోసి హంసాయాకు కూడా పంపమన్న నసీహత్ మనకు ఉంది. హంసాయాలో గైర్‌ముస్లిమ్ కూడా ఉన్నారు. ఎక్కువొచ్చిన సొరకాయను పక్కింటి అక్కకు ఇవ్వడానికి మొహమాటం ఏముంది?

రోజు కూలీ ఇంటి సంగతి

ఈ తరీఖా మీద నాకున్న పెద్ద ఏతిరాజ్ ఇది. ఆటో నడిపే భాయి, దుకాణంలో పని చేసే లడ్కా, ఇంట్లో బట్టలు కుట్టే బెహన్ నాలుగు నెలల పైసలు ఒకేసారి ఎక్కడి నుంచి తెస్తారు? వాళ్లు బయటే ఉండిపోతే ఇది పైసలున్నవాళ్ల షౌక్ అయిపోతుంది. అమెరికాలో కూడా ఈ షికాయత్ ఉంది. అక్కడ 2014 ఫార్మ్ బిల్లు, పేదలకిచ్చే ఫుడ్ స్టాంపులతో కూడా ఇలాంటి షేర్లు తీసుకునే సహూలత్ ఇచ్చింది.

మన మొహల్లాలో దీనికి ఒక హల్ ఉంది. టెంపుల్-విల్టన్ లెక్కే తీసుకుందాం. తోట ఖర్చు ముందు పెట్టి, స్తోమత ఉన్న ఇళ్లు విత్తనం రోజే ఎక్కువ వేయాలి. రోజు కూలీ ఇళ్లు సగం హిస్సా తీసుకుని వారం వారం కట్టొచ్చు. ఆ తక్కువైన మొత్తాన్ని మిగతావాళ్లు ముందే భర్తీ చేస్తే కిసాన్‌కు అంతా సమయానికే అందుతుంది. కావాలనుకుంటే నఫిల్ సద్ఖా నియ్యత్‌తో ఒక పేద ఇంటికి హిస్సా ఇప్పించొచ్చు. జకాత్‌ను మాత్రం ఇందులో కలపొద్దు, ఆ మసాయిల్ వేరు. పేర్లు బయటికి రావద్దు. డబ్బా తీసుకునేటప్పుడు ఎవరిది సగం కట్టిన హిస్సానో, ఎవరిది పూర్తిదో ఎవరికీ తెలియనవసరం లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. బజార్‌లో మనకు నచ్చింది ఏరుకుని, గీచి గీచి బేరమాడి తెచ్చుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇది కష్టమే. 1999 నుంచి నడుస్తున్న రైతుబజార్లు ఉన్నాయి. అక్కడ నేరుగా రైతు దగ్గర కొనడం కూడా మంచిదే. అందరూ షేర్ తీసుకోవాల్సిన పని లేదు. కానీ రైతుబజార్‌లో మనం పంట పండాక కలుస్తాం. అప్పటికి సూద్ లెక్క నడిచిపోయి ఉంటుంది. తోట షేర్‌లో మనం విత్తనం రోజే కలుస్తాం. తేడా అక్కడుంది.

కాబట్టి నా దర్ఖాస్త్ ఇది. ఎవరికైనా నిజంగా చేయాలని ఉంటే వందల ఇళ్లతో మొదలుపెట్టొద్దు. ఒక మొహల్లాలో పది ఇళ్లు చాలు. తెలిసిన కిసాన్‌ను ఒకరిని చూసుకోండి. ఖరీఫ్ విత్తనాలకు నెల ముందే కూర్చుని మాట్లాడండి. తోటకు ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్లి రండి. కాగితం రాయించి, మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌కో, దగ్గర్లోని దారుల్ ఇఫ్తాకో చూపించండి. ఒక సీజన్ చేసి, హిసాబ్ తేలాక, నచ్చితే రెండో సీజన్‌కు వెళ్లండి. పోయినా పర్వాలేదు అనుకోగలిగినంత మొత్తమే మొదటి ఏడు వేయండి. ఇల్లు గడిచే పైసలు వేయొద్దు.

ఇంతకుముందే ఇలా ఎక్కడైనా చేసినవాళ్లు ఉంటే మీ తజ్రుబా రాయండి. పంట బాగా వచ్చిన ఏడు సంగతే కాదు, చెడిన ఏడు ఏం చేశారో, పైసల మాట ఎలా తేల్చుకున్నారో కూడా రాయండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది అదే.

అల్లాహ్ మన రిజ్క్‌లో, పండించేవాళ్ల రిజ్క్‌లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.